ఇటలీ భోజనపంక్తి — ఎఱ్ఱ ద్రాక్షాసవము



నేటి ప్రసంగవిషయము విని కొందఱు పెద్దలు కనుబొమలు ముడివేసి యుందురు. ముప్పదియైదేండ్లు పిల్లలకు శబ్దములును, సంధులును, సమాసములును చెప్పిన వృద్ధోపాధ్యాయుడు మద్యమును గూర్చి ప్రసంగించుట యేమి యని వారికి తోచుట సహజమే. నేను త్రాగుడని చెప్పుటకు రాలేదు. మద్యపానదోషములను వర్ణించుటకును రాలేదు. అవి మీకు నాకంటె బాగుగ దెలియును. ఒక దేశపు జనులు తమ నేలలో పండిన ద్రాక్షనుండి తీసిన యెఱ్ఱని యాసవమును తమ వంటకములతో నెట్లు జతపఱచిరి, ఆ జతలో నున్న యుక్తి యేమి, దాని వెనుక నున్న రైతు కష్టమేమి యను మూడు విషయములను విన్నవింపవచ్చితిని.

నా కుమార్తెయు, అల్లుడును ఇటలీదేశమున తురిన్ నగరమం దుద్యోగులు. నేను రెండు మారు లచ్చటికి బోయి మొత్తము మీద ఏడుమాసము లుంటిని. వారి మేడలో క్రింది యంతస్తున ఎనుబదియేండ్ల వృద్ధు డొకడు కాపురముండెను. అతడు ఆ నగరమునకు దక్షిణమున నున్న లాంగె యను కొండనేలలో పుట్టిన రైతు. ఆదివారములందు మమ్ము దన యింటికి భోజనమునకు బిలుచుచుండెను. అల్లుడు దుబాసిగా గూర్చుండువాడు. నేను శాకాహారిని గనుక ఆ యింటి యిల్లాలు నాకు వేరుగ వండెడిది. ఆసవమును మాత్రము, రుచి తెలియుటకు జాలినంత, నాలుక తడుపుకొంటిని. దాని నలవాటు చేసికొనలేదు. చేసికొనవలెనను కోరికయు లేదు. కాని ఆ పంక్తిలో విన్నదానిని, పిమ్మట చదివి తెలిసికొన్నదానిని దాచుకొనుట ఉపాధ్యాయధర్మము కాదు.

ద్రాక్షాసవము మనకు బొత్తిగా తెలియని వస్తువు కాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున సురాధ్యక్షుని గూర్చి చెప్పుచు, ద్రాక్షరసమునుండి చేసిన మద్యమునకు అది పుట్టిన దేశమునుబట్టియే కాపిశాయనమనియు, హారహూరకమనియు పేళ్లు కలవని వ్రాసినాడు. చరకసంహితలో మద్యముల గుణదోషములకు ప్రత్యేకస్థానము కలదు. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున ఎఱ్ఱసముద్రపు వర్తకమును వర్ణించి యొక గ్రీకు నావికుడు వ్రాసిన గ్రంథమున, భరుకచ్ఛపు రేవునకు వచ్చు సరకులలో ద్రాక్షాసవ మొకటి యనియు, అందును ఇటలీదేశపుదానికి గిరాకి యెక్కువ యనియు నున్నది. పుదుచ్చేరి చెంతనున్న అరికమేడులో 1945లో జరిగిన త్రవ్వకములందు ఆ ఆసవమును దెచ్చిన మట్టికూజాల పెంకులు బయటపడినవి. మన నల్లగొండ, గుంటూరు సీమలలో రోమునాణెములు దొరకుటయు మీరెఱిగినదే. కావున ఈ పరిచయము రెండువేల యేండ్లనాటిది.

కౌటిల్యుడు చెప్పిన మాటను మనసున నుంచుకొనుడు. పుట్టిన నేలనుబట్టి పేరు. ఇటలీలో నేటికిని ఇదియే పద్ధతి. కియాంతి యనునది తోస్కానా రాష్ట్రమందలి కొండసీమ పేరు; అచ్చటి ఆసవమునకును అదే పేరు. బరోలో యొక గ్రామము. అచ్చటి ఆసవము బరోలో. 1716లో తోస్కానా ప్రభువైన మూడవ కోసిమో, కియాంతి మొదలగు నాలుగు సీమలకు ఎల్లలు నిర్ణయించి, ఆ యెల్లలకు వెలుపల పండినదానిని ఆ పేరుతో అమ్మరాదని శాసించెను. 1963లో ఇటలీ ప్రభుత్వము దేశమంతటికి వర్తించు చట్టము చేసెను. ఏ నేల, ఏ ద్రాక్ష, ఎకరమునకు ఎంత దిగుబడి, ఎన్ని మాసములు నిలువ యుంచవలెను — అన్నియు అందు నిర్ణీతములు. 1980లో మఱింత కఠినమైన పైమెట్టు మొదటిసారిగ అమలులోనికి వచ్చెను.

ఇక రుచి మాట. మనవారు రసము లాఱని చెప్పిరి గదా. మధురము, ఆమ్లము, లవణము, కటువు, తిక్తము, కషాయము. అనగా తీపి, పులుపు, ఉప్పు, కారము, చేదు, వగరు. తెల్లని ఆసవమునకును ఎఱ్ఱని ఆసవమునకును ముఖ్యభేదము ఈ కడపటి రసముననే యున్నది. తెల్లనిదానికి ద్రాక్షను పిండి రసమును మాత్రము పులియబెట్టుదురు. ఎఱ్ఱనిదానికి నల్లద్రాక్షను త్రొక్కి, తోలును గింజలును రసములోనే యుంచి పులియబెట్టుదురు. రంగు తోలునుండి వచ్చును. వగరు తోలునుండియు, గింజనుండియు వచ్చును. ఆ వగరునకు కారణమైన పదార్థమును టానిన్ అందురు. పచ్చి వక్కలో, నేరేడుపండులో, పచ్చియరటికాయలో, బాగుగ మఱగిన తేయాకులో నున్నదియు ఈ జాతిదే. ఇది నోటిలోని లాలాజలమందలి మాంసకృత్తులను పట్టుకొనును. అందుచే జిగి పోయి నాలుక బిగుసుకొనును. బుగ్గలు లోపలికి లాగినట్లుండును. కషాయరసము రూక్షమని ఆయుర్వేదము చెప్పుటకు ఇంతకంటె నిదర్శనము వేఱు కావలెనా?

రూక్షమునకు విరుగుడు స్నిగ్ధము. ఇదియే ఇటలీ పంక్తియందలి మొదటి సూత్రము. నాకు దీనిని ఆ వృద్ధుడు మాటలతో గాక ముద్దతో బోధించెను. లాంగె సీమలో నెబ్బియోలో యను ద్రాక్ష పండును. దాని ఆసవము చూచుటకు పలుచని మాణిక్యపు రంగు. నాలుకకు మాత్రము కఱకు వగరు. మొదట దానిని మాత్రమే రెండుబొట్లు రుచి చూడుమనెను. పచ్చివక్క నమిలినట్లు నోరు పట్టుకొనెను. పిమ్మట పొలెంట యను వంటకమును, దండిగా వెన్న కలిపి, నా పళ్లెరమున బెట్టించెను. పొలెంట యనగా మొక్కజొన్నపిండి సంకటి. మన రాయలసీమ సంకటికి దూరపు చుట్టము. ఆ ముద్ద తిని మరల రుచి చూచినంతనే వగరు తగ్గి, దాని చాటున నున్న పూలవాసనయు, ఎండిన పండ్ల రుచియు తేలివచ్చెను. వెన్నచే వగరు మెత్తబడినది. వగరుచే వెన్న మొగము మొత్తకుండ బోయినది. ఒకదాని దోషమును మఱియొకటి కప్పి, గుణమును బయటపెట్టినది. మంచి దాంపత్య మిట్లేయుండును గదా!

ఈ నెబ్బియోలోనుండియే బరోలో వచ్చును. శరత్కాలపు మంచు కొండలపై గ్రమ్ముకొను దినములలో ఈ ద్రాక్ష కోతకు వచ్చును. మంచునకు వారి భాషలో నెబ్బియా యని పేరగుటచే ద్రాక్షకా పేరు వచ్చినదని యందురు. బరోలోను కనీసము 38 మాసములు, అందు 18 మాసములు కొయ్యపీపాలలో, నిలువ యుంచిన గాని అమ్మరాదు. కాలము గడచినకొలది వగరు మెత్తబడును. మన పాత బెల్లము, పాత ఉసిరికాయ పచ్చడివలె. ఆ దేశమున దీనికి తోడుగ పశుమాంసము నుడికించి తిందురు. మన పంక్తికది చెప్పరాని మాట; అయినను వారి భోజనమును వర్ణించువాడు దానిని దాచినచో సత్యమునకు లోపము.

రెండవ సూత్రము పులుపునకు సంబంధించినది. పులుపు గల వంటకమునకు అంతకు తక్కువ పులుపు గల పానీయము తోడైనచో ఆ పానీయము చప్పనై చచ్చిపోవును. చింతపండు పులుసు త్రాగిన నోటితో పులియని మజ్జిగ త్రాగి చూడుడు, నీళ్లవలె నుండును. ఇటలీ వంటలో రామములగ కాయ, అనగా టమేటా, రాజ్యమేలుచున్నది. అది అమెరికాఖండమునుండి పదునాఱవ శతాబ్దమున ఆ దేశము చేరినది. దాని పులుపునకు సరితూగునది సాంజొవేసె యను ద్రాక్ష. కియాంతికి ఇదియే ప్రాణము. 1861లో ఇటలీకి ప్రధానమంత్రి యైన బెత్తీనో రికాసోలి తన కోటయందు అనేక సంవత్సరములు పరీక్షలు చేసి, 1872లో వ్రాసిన లేఖలో, సాంజొవేసె వలన వాసనయు బలమును వచ్చుననియు, కనయోలో యను మఱియొక ద్రాక్ష దాని కాఠిన్యమును చల్లార్చుననియు, మల్వాజియా యను తెల్లద్రాక్షను దినదినము త్రాగు తేలికదానిలోనే కలుపదగుననియు నిర్ణయించెను. రాజ్యతంత్రము నడపినవాడు దినభోజనమును గూర్చి యింత శ్రద్ధవహించుట మెచ్చదగినది.

తోస్కానా రైతుల భోజనము మనవారికి నచ్చును. వారి రొట్టెలో ఉప్పుండదు. మిగిలిన రొట్టెను పాఱవేయక, తెల్లచిక్కుడు గింజలతోను, నల్లని ఆకుకూరతోను కలిపి మఱునాడు మరల ఉడికింతురు. దానికి రిబొల్లీత యని పేరు. మరల ఉడికినది యని యర్థము. ఆసవము పోసియుంచు గడ్డిచుట్టిన బుడ్డిని ఫియాస్కో యందురు. ఆ గాజుబుడ్డిలోనే చిక్కుడు గింజలు, నీరు, ఆలివునూనె పోసి, పొయ్యిలోని నిప్పు చల్లారుచుండ బూడిదలో రాత్రియంతయు నుంచి యుడికించుట పూర్వపు టలవాటు. ఒక్క బుడ్డియే పానీయమునకును, పప్పునకును పాత్రము! ఆ నూనెగింజల ముద్దకు కియాంతి పులుపు, మన ముద్దపప్పునకు ఆవకాయ పులుపువంటిది.

ఎమీలియా సీమ పాడిపంటల భూమి. పార్మిజానో యను గట్టి జున్ను అచ్చటిది. ఒక్కొక్క చక్రము 40 కిలోల బరువు. దానికి 500 లీటర్లకు తక్కువ కాకుండ పాలు కావలెను. కనీసము ఏడాది నిలువ యుండవలెను. పాలు విఱుచుటకు దూడకడుపునుండి తీసిన పదార్థమును వాడుదురు గనుక నేను దానిని ముట్టలేదు. పో నది పరీవాహమున ఆ పాలిచ్చు పశువులను సాకువారిలో పంజాబునుండి పోయిన మనదేశపు రైతుబిడ్డలు అనేకులున్నారు. ఈ సీమ వంట వెన్నతోను, క్రొవ్వుతోను బరువైనది. దానికి జతగా లాంబ్రుస్కో యను నురుగువచ్చు ఎఱ్ఱని ఆసవమును కొంచెము చల్లగా త్రాగుదురు. దాని బుడగలును పులుపును నాలుకపై పేరుకొన్న జిడ్డును కడిగివేయును. నేతిబూరెలు తిన్న పిమ్మట మనము చారునన్నమును కోరుట యిట్టిదియే.

దక్షిణమునకు బోవుదము. నేపుల్సు నగరమునకు చేరువనున్న గ్రన్యానో పట్టణము ఎండబెట్టిన పిండివంటలకు, అనగా పాస్తాకు ప్రసిద్ధము. అదే పట్టణము పేర నురుగువచ్చు ఎఱ్ఱ ఆసవ మొకటి కలదు. నేపుల్సువారు పిజ్జాతో దీనిని త్రాగుదురు. మఱియు దక్షిణమున సిసిలీ ద్వీపము. అచ్చటి కతానియా పట్టణపు వంట యొకటి వినుడు: వేయించిన వంకాయ ముక్కలు, టమేటా పులుసు, ఉప్పువేసి ఎండబెట్టిన జున్నుకోరు, పాస్తా. వంకాయ మన భూఖండపు కూర. అరబ్బులు దానిని సిసిలీకి గొనిపోయిరి. మన కూర అచ్చట నెత్నా అగ్నిపర్వతపు బూడిదనేలలో పండిన ద్రాక్షతో వియ్యమందినది. వంకాయకును కొంత వగరు, కొంత చేదు కలవు; నూనెలో వేగి అవి మెత్తబడును. అందుచే సిసిలీవారి నేరో దావోల యను పండ్లరుచి గల ఎఱ్ఱని ఆసవము దానికి చక్కగ నొదుగును.

ఇన్ని జతలు చెప్పితిని గనుక జత కుదరని చోటును చెప్పవలెను. అది కారము. మిరపకాయ మంటను మద్యము హెచ్చించును; వగరు దానికి మఱింత యాజ్యము పోయును. గుంటూరు మిరపకాయ దట్టించిన కోడికూరకో, గోంగూర పచ్చడికో బరోలో తెచ్చి పెట్టినచో రెండును చెడును. మన కారమునకు తోడు పెరుగే. అది మంటను చల్లార్చును. ఆయా నేలల పంటలు, ఆయా జనుల నాలుకలు శతాబ్దములు కలసి బ్రదికి కుదుర్చుకొన్న పొత్తులివి. విదేశపు సీసా యొకటి కొని బల్లపై నుంచినంతమాత్రమున ఆ పొత్తు రాదు.

ఇప్పుడు రైతు మాట. బరోలో సీసా నేడు ధనికుల పంక్తులందు మెఱయుచున్నది. 2014లో యునెస్కో ఆ కొండతోటలను ప్రపంచవారసత్వముగ గుర్తించెను. కాని ఆ కొండలలోనే పుట్టిన బెప్పె ఫెనోల్యో యను రచయిత 1954లో ప్రకటించిన ‘లా మలోరా’ యను నవలయం దొక దృశ్యము కలదు. కౌలురైతు పంక్తిలో ఇంటిల్లిపాదియు తమ పొలెంట ముద్దను దూలమునుండి దారముతో వ్రేలాడు ఒక్క ఉప్పుచేపకు రాచి, ఆ వాసనతో తిందురు. చేప తినుటకు గాదు; రాచుటకే. ద్రాక్ష పండించినవారి యిండ్లలో మంచి ఆసవము అమ్మకమునకు బోయెడిది. ఇంటివారికి పిండిన పిప్పిపై నీళ్లుపోసి పులియబెట్టిన పలుచని ద్రవమే మిగిలెడిది. వడ్లు పండించినవాడు నూకలు తినుట మనకు దెలిసిన కథయే.

మా వృద్ధుని కథయు నిట్టిదే. ఆయన తండ్రికి బార్బేరా యను ద్రాక్షతోట రెండెకరములు మాత్ర ముండెను. బార్బేరా వగరు తక్కువై పులుపు మెండైనది. వెల్లుల్లియు, నూనెయు దండిగ నుండు పల్లెవంటకు తగిన బీదవాని ఆసవము. 1986 మార్చిలో, ఆ ప్రాంతపు వర్తకులు కొందఱు చౌకగ బలము హెచ్చించుటకై ఆసవమున మిథైల్ ఆల్కహాలను విషమును కలిపిన సంగతి బయటపడెను. ఇరువదిమందికి పైగా మరణించిరి; కొందఱు కన్నులు గోల్పోయిరి. పాపము చేసినవారు కొందఱు. అపవాదు మాత్రము సీమయంతటిపై బడెను. బార్బేరా యన్నచో కొనువాడు లేకపోయెను. ఆ యేడు మా వృద్ధుడు తన పీపాలను ఏటిలో పాఱబోసి, మఱుసటి సంవత్సరము తండ్రి నాటిన తీగలను వేళ్లతో పెఱికి, తురిన్ నగరమునకు కూలిపనికి వచ్చెను. ఇది చెప్పునపుడు ఆయన కంటనీరు పెట్టలేదు. రొట్టెముక్కను చేతితో త్రుంచుచు, తీగ పెఱికిన చేతికి నొప్పి యిప్పటికిని పోలేదని మాత్రము చెప్పెను. అల్లుడు ఆ వాక్యమును తెనిగింపవలసిన పని లేకపోయెను.

ఇంకొక మాట. ఆ యింట నొక కట్టుబాటు చూచితిని. ఒకనాడు వంట యాలస్యమయ్యెను. అల్లుడు చనువుకొలది సీసా యెత్తి గ్లాసున వంపబోయెను. వృద్ధుడు గ్లాసుపై దన యఱచేయి కప్పి, “బల్లపై రొట్టె యింకను రాలేదు నాయనా” యనెను. అన్నము రాకముందు ఆసవము లేదు. అన్నము ముగిసిన పిమ్మట సీసాకు బిరడా. వారికది యన్నములో నొక యాదరువు. మత్తునకు సాధనము కాదు. మన పల్లెలలో సారా అన్నమును తోడు తెచ్చుకొనలేదు, అన్నమును మ్రింగినది. కూలిడబ్బు దుకాణమున కర్చయి, ఇంట పొయ్యి రాజుకొనక, నెల్లూరు మండలమున దూబగుంట స్త్రీలు 1992లో సారా దుకాణములపై తిరుగబడిరి. 1993లో సారానిషేధము వచ్చెను. ఆ తల్లుల కన్నీటిని మఱచి ద్రాక్షాసవపు రుచులను కీర్తించుట నావంటివానికి తగదు.

ఇటలీవారిలోను వివేకులు పరిమాణమును తగ్గించుకొనుచున్నారు. 1970 ప్రాంతమున ఆ దేశమున సగటున మనిషికి ఏడాదికి వందలీటర్లకు పైగా ఖర్చగుచుండెను. నేడు అందు సగమునకు తక్కువ. 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్యసంస్థవారు, మద్యము కొంచెమైనను ఆరోగ్యమునకు నిరపాయమని చెప్పదగిన కొలత లేదని ప్రకటించిరి. భోజనముతో త్రాగినచో మత్తు మెల్లగ నెక్కును. అంతమాత్రమున విషగుణము పోదు. గుండెకు మందని చెప్పువారి మాటలు నమ్మి ఎవ్వరును క్రొత్తగ మొదలిడరాదు. త్రాగనివాడు త్రాగకుండుటయే మేలు.

అయినను మన పిల్లలు నేడు ఆ దేశములలో చదువుచున్నారు, ఉద్యోగములు చేయుచున్నారు. అచ్చటి పంక్తిలో కూర్చుండవలసి వచ్చినచో వారికి మర్యాద తెలిసి యుండుట మంచిది. తేలికదానిని ముందును, బరువైనదానిని పిమ్మటను స్వీకరింతురు. ఎఱ్ఱ ఆసవమును 16 మొదలు 18 డిగ్రీల చల్లదనమున నుంతురు. భోజనశాలలో పావులీటరు కూజా యడుగుట గౌరవలోపము కాదు. ఆ యూరి ఆసవము నడుగుట గృహస్థునకు సంతోషకరము. వలదనువాడు గ్లాసుపై అఱచేయి యుంచినచో మంచి యింట మఱియొకమారు బలవంతపెట్టరు.

పెద్దలారా! ఈ ప్రసంగమునుండి మీరు ఇంటికి గొనిపోవలసినది ఆసవము కాదు; ఒక యాలోచన. కొందఱి మోసము ఒక సీమ పేరును చెఱచినపుడు, నిర్దోషి యైన రైతు తన తోటను దానే పెఱికికొనెను. ఎల్లలును, చట్టమును, తనిఖీయు ఆ పేరును కాపాడినచోట అదే కొండరైతు మనుమడు తలయెత్తుకొని తిరుగుచున్నాడు. మనకును 1999లో ఇట్టి చట్టము వచ్చినది. దానిక్రింద గుంటూరు సన్నమిరపకును, 2017లో బనగానపల్లె మామిడికిని నేలపేరు హక్కుగ లభించినది. పేరు లభించుట మొదటిమెట్టు. వేఱొక చోటి కాయను తెచ్చి ఆ పేరుతో అమ్మకుండుట, మందులతో మాగబెట్టిన కాయను ఆ గంపలో కలుపకుండుట, కలుపువానిని ఊరిపెద్దలు ఊరకుండక అడుగుట — ఇవి తరువాతి మెట్లు. మీ నేల పండించిన దానికి మీ యూరి పేరు పెట్టి, ఆ పేరునకు మీరే కావలి యుండుడు. అన్నమునకు ముందు అన్నదాతను దలచుడు.

సెలవు. స్వస్తి.